జాస్తి మాస్టారి స్క్రూలు

ఆ వీధిలో ఆయన్ని ఎవరూ పేరు పెట్టి పిలవరు. ఎదురుగా ఉన్నప్పుడు మాస్టారు, గుమ్మం దిగాక జాస్తి మాస్టారు. చొక్కా కుట్టమన్నా, ఫ్రాకు కుట్టమన్నా, కిటికీకి తెర కుట్టమన్నా, కుట్టు లోపల రెండు వేళ్ళ బట్ట జాస్తిగా వదలందే ఆ దర్జీ ప్రాణం ఊరుకోదు. "ఉండనివ్వండి, రేపెప్పుడైనా విప్పుకోవచ్చు" అంటాడు. ఎదిగే పిల్లల తల్లులకు ఆ మాట తీయగానే ఉంటుంది. రిటైరైన పోస్టుమాస్టరుకు కూడా అదే మాట చెప్పి ప్యాంటు అంచున జానెడు మడత పెడితేనే చిక్కు. ఇక సొంత ఇంటి సంగతి చెప్పనే అక్కర్లేదు. తలుపు తెరలు నేల తుడుస్తుంటాయి. టేబుల్ గుడ్డ వచ్చినవాళ్ళ కాళ్ళకు చుట్టుకుంటుంది. గలీబులో దిండు ఏ మూల ఉందో చేత్తో తడిమి చూసుకోవాలి.

ఇది పుట్టుకతో వచ్చిన జబ్బు కాదు. పెళ్ళయిన కొత్తలో, తన కత్తెర మీద తనకు మహా నమ్మకం ఉన్న రోజుల్లో, బావమరిది పెళ్ళికోటు ఈయనే కుట్టాడు. గీత గీశాడు, కచకచా కత్తిరించేశాడు. తీరా తొడిగి చూస్తే కోటు చేతులు మణికట్టుకు ఇంత పైనే ఆగిపోయాయి. పెళ్ళి ఫోటోలో పెళ్ళికొడుకు రెండు చేతులూ వెనక్కి దాచుకుని, ఎవరో పట్టుకొచ్చి నిలబెట్టిన దొంగలా ఉంటాడు. ఆ బావమరిది లేతు మిషను మీద పనిచేసే మనిషి. వెంట్రుకవాసి తేడా వస్తే ఇనపముక్క అవతల పారేసే రకం. అలాంటివాడికి ఇలాంటి కోటు దొరికితే వదులుతాడా? పిల్లల తండ్రయినా ఇప్పటికీ ఈ ఇంటి గుమ్మం ఎక్కుతూనే చొక్కా చేతులు కిందికి లాక్కుంటూ "బాగున్నావా బావా?" అంటాడు. ఆ పెళ్ళి నాటి నుంచి మాస్టారు గీత మీద కత్తెర పెట్టడం మానేశాడు. గీతకు రెండు వేళ్ళు అవతలే కోస్తాడు.

మాస్టారికి ఒక్కగానొక్క కూతురు. ఇంట్లో అమ్మడు అంటారు. అమ్మడు నర్సు చదువు చదివి, కాన్పులు చేయడం నేర్చుకుని, ఆరోగ్యకేంద్రంలో ఉద్యోగం తెచ్చుకుంది. గర్భిణుల ఇళ్ళకు వెళ్ళి చూసిరావడం, బాలింతల్నీ పసికందుల్నీ కనిపెట్టుకుని ఉండడం ఆ పిల్ల పని. సోమవారం పొద్దున్నే చేరాలి. కేంద్రం వాళ్ళు భుజానికి తగిలించుకునే సంచీ ఒకటి ఇచ్చారు. మాస్టారు ఆ సంచీ కుట్లు రెండు వేళ్ళతో లాగి చూసి, ముఖం చిట్లించి, మర్నాడే ప్లైవుడ్డు కొని తెచ్చాడు. పెట్టె తనే కట్టాడు. లోపల మెత్తని రెక్సిను పరిచాడు. కత్తెరకొక జేబు, థర్మామీటరుకొక జేబు, గ్లవ్స్‌కి ఒక అర కుట్టాడు. నిజం చెప్పాలంటే ముచ్చటైన పెట్టె. అమ్మడు దాన్ని చూసి పొంగిపోయి, కేంద్రం వాళ్ళ సంచీని అటక మీద పడేసింది.

పేచీ అంతా ఒక్క విషయం దగ్గర వచ్చింది. మొదటిరోజు పెట్టె తన చేత్తో మోస్తూ, కూతురి పక్కన నడిచి, కేంద్రం మెట్ల దాకా దిగబెట్టి రావాలని మాస్టారి కోరిక. అందుకోసం శనివారమే వెళ్ళి జుట్టు కత్తిరించుకొచ్చాడు.

"వద్దు నాన్నా," అంది అమ్మడు. "మొదటిరోజే నాన్న వెంటబెట్టుకుని దింపాడంటే ఇంక నన్ను అక్కడ నర్సని ఎవరంటారు? పాపా, ఇటు రా అంటారు."

"పెట్టె బరువమ్మా. పిడి ఎలా ఉంటుందో ఏమో. దారిలో ఊడిందనుకో..."

"పిడి గట్టిగా ఉంటే నేనొక్కదాన్నే వెళ్తా."

"లేకపోతే?"

అమ్మడు కాసేపు ఆలోచించింది. "లేకపోతే అప్పుడు చూద్దాం" అంది. ఆ మాట అనకుండా ఉండాల్సింది. మాస్టారి కళ్ళు మెరిశాయి.

ఆదివారం మధ్యాహ్నం పిడి బిగించే పని మొదలైంది. కొట్టువాడు ఇచ్చిన స్క్రూలు వేలెడేసి పొడుగున్నాయి. చెక్క చూస్తే అందులో సగం మందం కూడా లేదు. బిగించాక మిగతా సగమూ పెట్టె లోపలికి మేకుల్లా పొడుచుకొచ్చింది. గ్లవ్స్ సర్దబోయిన అమ్మడు చెయ్యి గీరుకుపోయింది.

"నాన్నా, గ్లవ్‌కి సూదిమొనంత చిల్లు పడ్డా పారెయ్యాల్సిందే. ఇలాగైతే కుదరదు" అంది చెయ్యి కడుక్కుంటూ.

మాస్టారు మళ్ళీ కొట్టుకు పరిగెత్తి టోపీ నట్లు తెచ్చాడు. అవి మామూలు నట్లలా ఈ పక్క నుంచి ఆ పక్కకు తెరుచుకుని ఉండవు. ఒక పక్క గుండ్రంగా మూసుకుపోయి, స్క్రూ మొనకు టోపీ పెట్టినట్టుంటాయి. గ్లవ్ తగిలినా చిరగదు. కానీ టోపీలో తల ఎంత పడుతుందో అంతే పడుతుంది. ఇంత పొడుగు స్క్రూ లోపలికి పోతూ పోతూ టోపీ నడినెత్తిన తగిలి ఆగిపోయింది. నట్టు చెక్క దాకా రానే లేదు. పొట్టి స్క్రూలు ఇమ్మంటే కొట్టువాడు "లేవండీ, వీటినే కోసుకోండి" అని షట్టరు దించేసి భోజనానికి వెళ్ళిపోయాడు. మాస్టారు జాస్తి మనిషి కాబట్టి ఎందుకైనా మంచిదని ముందే రెండు స్క్రూలు ఎక్కువ కొని ఉంచాడు. అదే ఆ పూట కాపాడింది.

"కోయడం నాకొకడు చెప్పాలా?" అంటూ వెనక వసారాలో బల్ల ముందు కూచున్నాడు. మెడలో టేపు వేలాడుతోంది. చెవి మీద సుద్దముక్క ఉంది. స్క్రూ పక్కన టేపు పెట్టి కొలిచి సుద్దతో గీత గీశాడు. వేలు తగలగానే గీత చెరిగిపోయింది. మళ్ళీ గీశాడు. మళ్ళీ చెరిగింది. ఇక ఉజ్జాయింపుగా కటింగ్ ప్లేయరు పెట్టి, పళ్ళు బిగబట్టి నొక్కాడు. తెగిన ముక్క టప్పున ఎగిరి వంటింట్లో గిన్నె మీద పడింది.

"ఏవండీ, నన్ను చంపదలుచుకుంటే చెప్పి చంపండి" అంది లోపల్నుంచి ఆయన భార్య.

తెగిన చోట స్క్రూ మొన నలిగి చప్పిడి ముక్కులా తయారైంది. నట్టు దాని మీదికి ఎక్కనని మొరాయించింది. మాస్టారు దాన్ని మెల్లిగా చాప కిందికి తోసేసి, రెండోదాన్ని బల్లకున్న చిన్న ఇనుప దవడల వైసులో బిగించి, హాక్సా బ్లేడుతో కోశాడు. ఈసారి కోత నున్నగానే వచ్చింది. అయితే వైసు పళ్ళు రెండు పక్కలా స్క్రూ ఒంటి చుట్టూ ఉన్న మరల్ని కొరికి పెట్టాయి. నట్టు దీని మీదికీ ఎక్కలేదు.

"మా తమ్ముణ్ణి పిలవనా?" అని వంటింట్లోంచి ప్రశ్న వచ్చింది.

"నా కూతురి పెట్టెకి నీ తమ్ముడెందుకే? గట్టిగా చూస్తే నాలుగు స్క్రూల పని."

"అయ్యో, పిలిచేశానే! వచ్చేస్తున్నాడు కూడాను."

అన్నంతలోనే గుమ్మంలో బావమరిది ప్రత్యక్షమయ్యాడు. చొక్కా చేతులు కిందికి లాక్కుంటూ "బాగున్నావా బావా?" అన్నాడు. తిన్నగా వసారాలోకి వచ్చి, చాప అంచు కాలితో ఎత్తి, కింద దాగిన స్క్రూను చూసి నాలుక చప్పరించాడు.

"పాపం, దీన్ని కోశావా, నమిలావా బావా?"

"నీ హాస్యాలు తర్వాత. ఎలా కోయాలో చెప్పు."

"చెప్తాను. ముట్టుకోను మాత్రం. రేపు పిడి ఊడితే మామయ్యే చేశాడని నా మేనకోడలు అనకూడదు." బావమరిది జేబులోంచి రెండు మామూలు నట్లు తీసి బల్ల మీద పెట్టాడు. "ముందు ఇవి ఎక్కించు. ఒకదాని మీద ఒకటి బిగించు. వైసులో నట్లని పట్టించు, స్క్రూని కాదు. అప్పుడు మరలకు దెబ్బ తగలదు. కోశాక ఆకురాయితో మొన చుట్టూ కొంచెం ఏటవాలుగా రుద్దు. ఆ తర్వాత నట్టు వెనక్కి తిప్పి తీసెయ్. అది బయటికొస్తూ వస్తూ, కోతలో చెడిన మరని దిద్దుకుంటూ వస్తుంది."

మాస్టారు నట్టుకేసి చూశాడు. లోలోపల ముచ్చట వేసింది. పైకి ఒప్పుకుంటే ఇంకేమైనా ఉందా? "ఇంతేనా? మిషను మీద గుండీ కాజా కుట్టడం కూడా ఇంతే. ముందు చుట్టూ కుట్టేసి తర్వాతే మధ్యలో కోస్తాం. అంచు చెదరకుండా ఉండాలని. ఇదేదో పెద్ద లేతు విద్య అనుకున్నాను" అన్నాడు.

"మరి అంత తెలిసినవాడివి నా కోటు..."

"బావమరిదీ!"

"సరే, సరే." బావమరిది పిడినీ చెక్కనీ వాషర్నీ చూసుకుని, పెన్నుతో స్క్రూ మీద సన్నటి గీత పెట్టాడు. "సరిగ్గా ఇక్కడ. మిగతావాటికీ ఇదే కొలత" అని చెప్పి, అక్క టీ పిలుపుకి లోపలికి వెళ్ళిపోయాడు.

మాస్టారు ఒంటరిగా మిగిలాడు. నట్లు ఎక్కించాడు. వైసు బిగించాడు. బ్లేడు గీత మీద పెట్టాడు. చెయ్యి ఆగింది. బ్లేడు గీతకు నువ్వుగింజంత అవతలికి దానంతటదే జరిగినట్టు జరిగింది. అలవాటు అలాంటిది. అన్నిటినీ ఆ నువ్వుగింజ జాస్తితోనే కోశాడు. ఆకురాయి పట్టాడు, నట్లు వెనక్కి తిప్పాడు. మరలు చెక్కు చెదరలేదు. టోపీ నట్లు పెట్టి తిప్పితే మెత్తగా ఎక్కి టక్కున ఆగాయి. ఆయన ముఖం చూడాలి ఆ క్షణాన. పెట్టె పిడి పట్టుకుని నడింట్లోకి ఊరేగింపుగా తెచ్చాడు.

పెట్టె ఊగింది. దాంతోపాటు పిడి కూడా లొడలొడమంది.

బావమరిది టీ గ్లాసు పక్కన పెట్టి, మూత ఎత్తి, నట్టు తిప్పి చూశాడు. "స్క్రూ మొన లోపల టోపీ నడినెత్తికి కొడుతోంది. నట్టు చెక్కని పట్టుకోకుండానే ఆగిపోతోంది. నా గీత మీదే కోశావా?"

"ఆ పక్కనే."

"ఏ పక్కనే?"

"ఓ నువ్వుగింజంత అవతల. ఉండనీ అని. రేపెప్పుడైనా..."

"రేపెప్పుడైనా ఏమవుతుంది బావా? చెక్క ఒళ్ళు చేస్తుందా?"

ఇంటిల్లిపాదీ పకపక నవ్వారు. అమ్మడైతే గోడకి చేరగిలబడి నవ్వింది. కొక్కేనికి వేలాడుతున్న, నాన్న కుట్టిన కొత్త యూనిఫారం కోటు తెచ్చి, చేతి అంచు లోపలి మడత విప్పి చూపించింది. ఆ మడతలో ఇంకో అరచెయ్యి పొడుగు బట్ట ఉంది. "ఇది చూశావా మామయ్యా? నాన్నా, నేనింకా ఎంత ఎదుగుతాననుకుంటున్నావు?"

మాస్టారు కూడా నవ్వబోయాడు. సరిగ్గా అప్పుడే ఆయనకో ఆలోచన వచ్చింది. పిడి వదులుగా ఉంది. పిడి గట్టిగా ఉంటే కదా ఒక్కతే వెళ్ళేది!

"పోనీండర్రా, ఆ నువ్వుగింజతో గొడవెందుకు?" అన్నాడు, ఏమీ ఎరగనట్టు. "రేపు పెట్టె అడుగున చెయ్యేసి నేనే మోసుకొస్తాను. మెట్ల దగ్గర ఇచ్చేసి వెనక్కి వచ్చేస్తాను. ఏమ్మా?"

అమ్మడి నవ్వు ఆగిపోయింది. పెట్టె వైపు చూసింది, తండ్రి కొత్తగా కత్తిరించుకున్న జుట్టు వైపు చూసింది. "సరే నాన్నా" అంది. కోటు మడత మళ్ళీ లోపలికి మడిచి, కొక్కేనికి తగిలించి, తన గదిలోకి వెళ్ళింది. బావమరిది ఒక్కసారిగా టీ గ్లాసులో ఏదో పడ్డట్టు అందులోకి చూస్తూ కూచున్నాడు.

మాస్టారు పెట్టె తీసుకుని వసారాలోకి వచ్చేశాడు. ఆయన భార్య వెనకాలే వచ్చింది.

"గెలిచారుగా. మరి ముఖం అలా ఉందేం?"

"సరే అందిగా."

"అంది. మీ మాట కొట్టెయ్యలేక అంది. అది మీకు తెలీదా?"

ఆయనకు తెలుసు. తెలుసు కాబట్టే ఆవిడ వైపు చూడకుండా పెట్టె పిడిని అటూ ఇటూ ఆడించాడు. నిజానికి పెట్టె బరువు గురించి ఆయనకు ఏ బెంగా లేదు. ఆ పిల్ల ఇంతకన్నా బరువైన నీళ్ళ బిందె చంకనెత్తుకుని మేడ మీదికి ఎక్కేది. ఆయన బెంగల్లా ఆ తర్వాత సంగతి. ముక్కూ మొహం తెలియని ఇళ్ళు, చీకటి మెట్లు, గేటు వెనక కుక్కలు, అరుస్తున్న ఆడవాళ్ళు, వాళ్ళ మధ్య తన పిల్ల ఒక్కతీ చేతులు కడుక్కుని నిలబడాలి. అక్కడ ఏ కుట్టూ విప్పి సరిచేసుకునే వీలుండదు. అక్కడికి తాను ఎటూ వెళ్ళలేడు. కనీసం మెట్ల దాకానైనా వెళ్దామనుకున్నాడు.

"భయంగా ఉందే" అన్నాడు భార్యతో.

"నాకు లేదా?" అంది ఆవిడ. అని, బల్ల మీది ఇనుపరజను కొంగుతో కాకుండా చేత్తోనే తుడిచేసి లోపలికి వెళ్ళిపోయింది.

మాస్టారు పిడి విప్పాడు. మెడలోంచి టేపు తీసి పక్కన పడేశాడు. చొక్కాకు గుచ్చుకున్న సూది తీసి టోపీ నట్టు లోపలికి దించి, నట్టు అంచు దగ్గర సూదిని గోటితో పట్టుకుని, లోతు ఎంతో చూసుకున్నాడు. దాన్ని పిడి మందానికీ చెక్క మందానికీ వాషరుకీ కలిపి స్క్రూ పక్కన పెట్టి చూశాడు. కొలత వచ్చి బావమరిది గీత దగ్గరే ఆగింది. వెధవ లేతు మనిషి, కంటితో చూసి ఎంత సరిగ్గా పెట్టాడు! ఆ మాట వాడితో జన్మలో అనకూడదని నిశ్చయించుకున్నాడు.

మళ్ళీ నట్లు ఎక్కించి వైసు బిగించాడు. బ్లేడు గీత మీద పెట్టాడు. ఈసారి అవతలికి జరుగుతుందేమోనని ఎడమచేతి బొటనవేలి గోరు అడ్డం పెట్టుకుని కోశాడు. కొట్టు మూసేశారు, జాస్తి స్క్రూలు రెండూ ఇందాకే పాడైపోయాయి. ఇప్పుడు పొట్టిగా తెగితే అతుకు వేయడానికి ఇది బట్ట కాదు. ఊపిరి బిగపట్టి నువ్వుగింజల్ని ఒక్కొక్కటిగా రాల్చేశాడు. ఆకురాయి పట్టి, నట్లు వెనక్కి తీసి, పిడి మళ్ళీ బిగించాడు. ఈసారి టోపీ నట్లు చెక్కకు అతుక్కుపోయి ఆగాయి.

పిడి పట్టుకుని ఊపాడు. చప్పుడు లేదు. అటు గుంజాడు, ఇటు గుంజాడు. పెట్టెలో ఇస్త్రీపెట్టె పెట్టి మరీ ఎత్తాడు. ఎక్కడైనా కొంచెం, ఒక్క కొంచెం కదిలితే బావుండునని ఆ దొంగ మనసు ఇంకా ఆశపడుతూనే ఉంది. కదల్లేదు. మనలో మాట, ఒక్క నట్టుని పావుచుట్టు వెనక్కి తిప్పితే చాలు. ఎవరికీ తెలీదు, స్క్రూ మీదికే పోతుంది నింద. ఆయన వేళ్ళు వెళ్ళి ఒక నట్టు మీద ఆగాయి. చాలాసేపే ఆగాయి. తర్వాత దాన్ని ఇంకాస్త ముందుకే బిగించాయి.

"అమ్మడూ, ఇలా వచ్చి ఎత్తి చూడు."

అమ్మడు వచ్చింది. పెట్టె ఎత్తింది. ఊపింది. మూత తెరిచి, నట్ల మీద వేళ్ళు పెట్టి రాసి చూసింది. తర్వాత తండ్రి ముఖంలోకి చూసింది.

"ఇంత గట్టిగా బిగించేశావేంటి నాన్నా?"

"నువ్వొక్కదానివే మొయ్యాలిగా మరి" అన్నాడు మాస్టారు. కుట్టిన కోటు మడిచి చేతిలో పెట్టేటప్పటి గొంతుతో అన్నాడు. అమ్మడు తండ్రి భుజం మీద తల ఆనించి కాసేపు అలాగే నిలబడింది. ఇనుపరజను ఆయన చొక్కా నుంచి ఆమె చెంపకు అంటుకుంది.

సోమవారం పొద్దున అమ్మడు కోటు తొడుక్కుని, పెట్టె పట్టుకుని గుమ్మం దిగింది. తల్లీ తండ్రీ గడప దగ్గరే నిలబడ్డారు. వీధి మొదట్లో పోస్టుమాస్టరు ప్యాంటు మడత ఈడ్చుకుంటూ ఎదురొచ్చి "డ్యూటీకా నర్సమ్మా?" అని పలకరించాడు. అమ్మడు గడప వైపు ఒకసారి చెయ్యి ఊపి మలుపు తిరిగింది.

మాస్టారు గబగబా లోపలికి వచ్చి తలుపు మూల చూశాడు. మంచం కింద చూశాడు. మిషను కింద చూశాడు.

"ఏమే, నా చెప్పులు కనపడవేం?"

"దాచాను" అంది ఆవిడ, గడప దగ్గర్నుంచి కదలకుండానే.

"ఎందుకూ?"

"మలుపు దాకా వెళ్ళి చూసొస్తానంటారు. అక్కడ్నుంచి ఇంకో మలుపు దాకా వెళ్తారు. మిమ్మల్ని నేనెరగనా?"

దొరికిపోయిన మాస్టారు తల గోక్కున్నాడు. "నిజమే. పోనీ నువ్వు వెళ్ళి, నాలుగడుగులు వేసి చూసిరా. నిన్ను చూస్తే ఏమీ అనుకోదు."

ఆవిడ అప్పటికీ మలుపు వైపే చూస్తోంది. చూపు తిప్పకుండానే అంది.

"నావి కూడా లేవండీ. రెండు జతలూ కలిపి నిన్న సాయంత్రమే మా తమ్ముడికిచ్చి పంపేశాను."